పొద్దుగాల పిట్టలు చూడబోయి క్షేమంగా తిరిగి రావడం ఎలా: కరెంటు తీగలు, ఉచ్చులు, నాటు బాంబులు ఉండే చేలల్లో నడిచేవారికి

నల్లగొండ, పాలమూరు చెరువుల మీద బాతులు దిగడం మొదలైందంటే చాలు, రెండు ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తాయి. "తెల్లారకముందే చేలల్లో నడవాలి, అక్కడ పందులకు కరెంటు పెడ్తరంట, ఎట్ల పోవాలె?" అనేది మొదటిది. "వేటకు అనుమతి ఉన్న రోజులు ఏవో చెప్తే ఆ రోజులు మానేస్తాం" అనేది రెండోది.

రెండోదానికి జవాబు చిన్నది. అలాంటి రోజులు మన దగ్గర లేవు. కొన్ని దేశాల్లో వేటకు సీజన్ ఉంటుంది, లైసెన్సు ఉంటుంది, ఫలానా రోజు తుపాకీ పేలదని అందరికీ తెలుస్తుంది. అక్కడివారు రాసుకున్న జాగ్రత్తలు చదివి, ఆరెంజ్ జాకెట్ వేసుకుంటే చాలనుకుని వచ్చేవాళ్లున్నారు. మన దగ్గర వేట మొత్తంగా నిషేధం. అయినా జరిగేది దొంగచాటున జరుగుతుంది, ఎక్కువగా రాత్రిపూట. చీకట్లో కట్టిన తీగ, పొదలో వదిలిన ఉచ్చు, గట్టు మీద పెట్టిన బాంబు ఉండ ఎదురుగా ఉన్నది పందో మనిషో చూడవు. మన జాగ్రత్తలన్నీ దీన్నిబట్టే ఉండాలి.

చట్టం సంగతి, అవసరమైనంత వరకు

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోని సెక్షన్ 9 వేటను నిషేధిస్తుంది. ఆ చట్టం దృష్టిలో వేటంటే చంపడం ఒక్కటే కాదు. పట్టుకోవడం, ఉచ్చు వేయడం, విషం పెట్టడం, ఎర వేయడం, తరమడం, గుడ్లు పాడుచేయడం, గూటిని కదపడం, ఇవన్నీ వేటే. వీటికి ప్రయత్నించినా వేట కిందికే వస్తుంది. ఫొటో కోసం గూటి మీది కొమ్మలు వంచేవారు కూడా ఈ మాట గుర్తుంచుకోవాలి.

2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం మామూలు ఉల్లంఘనకు 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నెమలి, కృష్ణజింక లాంటి షెడ్యూల్ 1 (చట్టం ఎక్కువ రక్షణ ఇచ్చిన జాబితా) జీవులైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు, 25,000కు తగ్గని జరిమానా.

పంట పాడుచేసే అడవిపంది విషయంలో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, అధికారం పొందిన అధికారి గానీ కారణాలు రాసి, రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. కానీ కరెంటు తీగ కట్టుకోవడానికి, విషం కలపడానికి, బాంబు పెట్టడానికి ఎవరికీ అనుమతి రాదు. తీగ తగిలి మనిషి పోతే భారతీయ న్యాయ సంహిత కింద ప్రాణం తీసిన కేసు అవుతుంది. తీగకు కరెంటు దొంగతనంగా లాగి ఉంటే విద్యుత్ చట్టం 2003 కింద ఇంకో కేసు.

అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపలికి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదు. శ్రీశైలం రోడ్డు మీది మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసి ఉంటుంది. పిట్టల కోసం ఆ వేళలో అడ్డదారి వెతకొద్దు. అనుమతి లేకుండా దొరికితే మీరే నిందితులవుతారు.

వెంట ఉండాల్సినవి

- ఇంకో మనిషి. ఒంటరిగా చేలల్లోకి వద్దు. గుంపైతే ఆరుగురికి మించొద్దు.
- మోకాలి కిందిదాకా వచ్చే గంబూట్లు లేదా మందపాటి బూట్లు. ఇవి ముళ్లు, బురద, పాముల కోసం. కరెంటు నుంచి కాపాడతాయని నమ్మొద్దు.
- నారింజ రంగు టోపీ లేదా మెరిసే పట్టీలున్న జాకెట్.
- ఐదడుగుల ఎండు వెదురు కర్ర. ఇనుప, అల్యూమినియం ఊతకర్ర పనికిరాదు.
- తలకు కట్టుకునే లైటు, దాంతోపాటు చేతి టార్చి.
- నిండా చార్జ్ చేసిన ఫోన్, అందులో ముందే దించుకున్న మ్యాప్.
- కాగితం మీద రాసిన నంబర్లు: 112 అత్యవసరం, 108 అంబులెన్స్, 1912 కరెంటు ఫిర్యాదు. వీటికితోడు ఆ ఊరి లైన్‌మన్, అటవీ బీట్ ఆఫీసర్, ఊళ్లో తెలిసిన ఒకరి నంబరు. ఫోన్ తడిసినా కాగితం పనికొస్తుంది.
- చిన్న కత్తెర, పాత నూలుగుడ్డ, గాలికి రంధ్రాలు చేసిన చెప్పుల డబ్బా. వలలో చిక్కిన పిట్ట కనబడితే వీటి అవసరం పడుతుంది.
- గుర్తింపు కార్డు, పిట్టల బొమ్మలున్న పుస్తకం.

ఎలా వెళ్లాలి

1. పంటను చూసి చోటు ఎంచుకోండి. కొత్తవారైతే కట్ట మీదినుంచో రోడ్డు మీదినుంచో నీళ్లు కనిపించే చోట మొదలుపెట్టండి. పానగల్లు ఉదయ సముద్రం, డిండి, మూసీ ప్రాజెక్టు, పాలమూరు వైపు కోయిల్‌సాగర్, సరళాసాగర్, రామన్‌పాడు, జూరాల ఇలాంటివే. చెరువు వెనుక పొలాల్లోకి దిగాలంటే ముందు ఏ పంట, ఏ దశలో ఉందో చూడండి. పల్లికాయలో గింజ పట్టేటప్పుడు, మక్క కంకి పాలుపోసుకునేటప్పుడు, వరి కోతకొచ్చేటప్పుడు పందులు ఎగబడతాయి. తీగలు కట్టేదీ అప్పుడే. పాలమూరు వైపు యాసంగి పల్లి చేలకూ, మన పిట్టల సీజన్‌కూ కాలం ఒక్కటే కావడం అసలు ఇబ్బంది. పత్తి చేనును పందులు పెద్దగా తినవు గానీ పగలంతా అందులో దాక్కుంటాయి. అందుకే పత్తికీ పల్లికీ మధ్య గట్టును ప్రమాదం ఎక్కువున్న చోటుగా లెక్కేసుకోండి.

2. ముందురోజు సాయంత్రమే ఊళ్లోకి వెళ్లి అడగండి. మొత్తంలో ఏ ఒక్క పనైనా చేయగలిగితే ఇది చేయండి. ఎలా అడుగుతారన్నది అంతకన్నా ముఖ్యం. "ఇక్కడ కరెంటు ఎవరు పెడ్తరు?" అంటే జవాబు రాదు. అది నేరమని వాళ్లకు తెలుసు, మీరు ఎవరో తెలియదు. కాబట్టి ఎవరు పెట్టారన్నది వదిలేసి, ఎటు పోకూడదో అడగండి:

"అన్నా, రేపు పొద్దుగాల పిట్టలు చూసెతందుకు కట్ట మీదికి వస్తున్నం. ఎటు దిక్కు పోవద్దో జర చెప్పు."

పెద్దవారైతే "తాతా, ఎటునుంచి పోతే మంచిది, చెప్పుండ్రి" అని, ఆడవారైతే "అక్కా" అని, వయసు మళ్లినవారైతే "అవ్వా" అని పలకరించండి. ఇలా అడిగితే ఎవరి పేరూ బయటికి రాదు, మీకు కావాల్సిన సమాచారం మాత్రం వస్తుంది. "గా మక్కచేను దిక్కు పోకుండ్రి" అని ఒక్కరన్నా చాలు, ఆ దిక్కు మీకు మూసుకున్నట్టే. కారణం అడగొద్దు.

ఒక్కరిని అడిగి సరిపెట్టుకోవద్దు. కనీసం ముగ్గురిని అడగండి: ఆ దారిలో పొలమున్న రైతు, గొర్రెలు మేపేవారు, చెరువులో చేపలు పట్టేవారు. గొర్లకాపరి మాటకు ఎక్కువ విలువివ్వండి. గొర్రె తగిలి చస్తే నష్టం తనది కాబట్టి ఏ గట్టు మీద ఏముందో ఆయన ఎప్పటికప్పుడు కనిపెట్టుకుని ఉంటాడు. ముగ్గురి మాటా కలవకపోతే అందరికన్నా భయపెట్టినవారి మాటే తీసుకోండి.

వచ్చే సమయం, ఎంతమంది, ఏ రంగు టోపీలు అన్నవి కూడా చెప్పి రండి. రాత్రి చేను కావలి ఉండే రైతు చీకట్లో కదిలే ఆకారాన్ని చూసి రాయి విసరకుండా, దొంగలని కేకలు వేయకుండా ఉండటానికి ఇది పనికొస్తుంది.

3. అదే సాయంత్రం, వెలుగుండగానే దారి నడవండి. ఫోన్‌లో నడిచిన దారిని నమోదు చేసుకోండి. తెల్లారి దాని మీదే నడవాలి. బండ్లబాట, ట్రాక్టర్ చక్రాల గాడి, చెరువు కట్ట, ఊరి రోడ్డు అనేవి వాడదగ్గ దారులు. పొలం గట్టు దారి కాదు, అది తీగ కట్టే చోటు.

4. తిరిగొచ్చే గంట ఇంట్లో చెప్పండి. "పదిన్నరకల్లా ఫోన్ చేస్తాం, పదకొండు దాటితే ఈ నంబరుకు చేయండి" అని ఊళ్లోవారి నంబరు ఇచ్చి రండి.

5. పొద్దు పొడిచాకే చేలల్లో అడుగు పెట్టండి. జనవరిలో ఇక్కడ సూర్యుడు సుమారు 6:45కి వస్తాడు. తీగలు సాధారణంగా చీకటి పడ్డాక కట్టి తెల్లవారుజామున తీస్తారు. తీయడం మర్చిపోయేవాళ్లూ, ఆలస్యంగా తీసేవాళ్లూ ఉంటారు. అందుకే 6:15కి చేరినా ఏడు దాటేవరకు కట్ట మీదే ఉండండి. బాతులు, పట్టెతల పెద్దబాతులు నీటి మీదినుంచి లేచే దృశ్యం ఎలాగూ కట్ట మీదినుంచే బాగా కనిపిస్తుంది. చేలల్లోని పసిరిక పిట్టలు, పాలపిట్టలు, గద్దలు ఎండ కాస్త ఎక్కాకే చురుగ్గా తిరుగుతాయి. ఆ ముప్పావు గంట ఆగడం వల్ల మీరు కోల్పోయేది దాదాపు ఏమీ ఉండదు.

6. ఒకరి వెనుక ఒకరు, మూడు నాలుగు మీటర్ల ఎడంతో నడవండి. ముందు నడిచేవారి మెడలో కెమెరా, బైనాక్యులర్ ఉండకూడదు. వారి పని నేలను, మోకాలి ఎత్తును చూడటమే. ప్రతి అరగంటకు మనిషిని మార్చండి, కళ్లు అలసిపోతాయి. చేతులు పట్టుకుని నడవొద్దు, ఒకరికి తగిలితే ఇద్దరికీ తగులుతుంది. పిల్లలుంటే చేలల్లోకే వద్దు, కట్టతో సరి.

ట్రైపాడ్ మడిచి, నిలువుగా, వీపు సంచిలో ఉండాలి. అల్యూమినియం కాళ్లను అడ్డంగా భుజాన వేసుకుని వంగి నడిస్తే మీ కాలు దాటిన తీగను కూడా అది తాకుతుంది.

7. ఆగాకే బైనాక్యులర్ ఎత్తండి. కళ్లకు పెట్టుకుని రెండడుగులు కూడా వేయొద్దు. ఎగిరిపోయిన కౌజు పిట్ట వెంట చేలోకి దిగొద్దు.

8. వచ్చిన దారినే తిరిగి రండి. కొత్త దారి చూడాలనిపిస్తే ఇంకో సాయంత్రం వచ్చి 2, 3 అంచెలు మళ్లీ మొదలుపెట్టండి.

అడగడానికి ఎవరూ దొరకని కొత్త చోటైతే కారు కిటికీలోంచో రోడ్డంచునుంచో చూడండి. కారులో కూర్చున్న మనిషిని పిట్టలు అంతగా పట్టించుకోవు, చాలాసార్లు నడిచి వెళ్తే దొరకనంత దగ్గరగా కనిపిస్తాయి.

తీగను ఎలా గుర్తించాలి

పందులకు కట్టేది సన్నని బైండింగ్ వైరు. తుప్పు పట్టి ఉంటే ఎండుగడ్డిలో కలిసిపోతుంది. నేలనుంచి అడుగు, అడుగున్నర ఎత్తులో, అంటే పంది ముట్టె, మన పిక్క తగిలే ఎత్తులో, ఒకే వరసగా ఉంటుంది. తీగ కన్నా ముందు దాన్ని నిలబెట్టిన పుల్లలు కనిపిస్తాయి: చేను చుట్టూ నాలుగైదు అడుగులకొకటి నాటిన కొత్త కట్టెపుల్లలు, వాటి తలల మీద సైకిల్ ట్యూబు ముక్క, ప్లాస్టిక్ పైపు ముక్క, లేదా సీసా మూతి. పుల్ల మీద రబ్బరు చుట్టి ఉందంటే ఆ తీగ పశువులను ఆపడానికి కట్టిన మామూలు తీగ కాదు. అక్కడే ఆగండి.

పొద్దున ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు సూర్యుడికి ఎదురుగా వంగి చూస్తే మంచుబిందువులు వరసగా వేలాడుతూ తీగ కనిపిస్తుంది. సూర్యుణ్ని వీపున పెట్టుకుని చూస్తే కనిపించకపోవచ్చు. తీగ కింద చచ్చిన కుక్క, నక్క, పాము, లేదా మాడిన గడ్డి పట్టె కనబడితే మరో రుజువు అక్కర్లేదు. మోటారు స్టార్టర్ డబ్బా నుంచి గానీ, స్తంభం తీగలకు వేసిన కొక్కెం నుంచి గానీ అదనపు వైరు చేలోకి వెళ్తుంటే అదీ గుర్తే.

దీన్ని సోలార్ కంచెతో కలిపి గందరగోళపడొద్దు. సోలార్ కంచెకు ఇనుప లేదా రాతి స్తంభాలు, నాలుగైదు వరసల తీగ, తెల్ల లేదా పసుపు ఇన్సులేటర్లు, ఒక సోలార్ పలక, ఒక పెట్టె, పసుపు హెచ్చరిక బోర్డు ఉంటాయి. దగ్గర నిలబడితే సెకనుకోసారి టిక్ టిక్ వినిపిస్తుంది. అందులో కరెంటు కన్నుమూసి తెరిచేలోపు వచ్చి పోతుంది, చెయ్యి వెనక్కి లాక్కోవచ్చు. దొంగతీగలో 230 వోల్టులు ఆగకుండా ప్రవహిస్తాయి. కండరాలు బిగుసుకుపోయి వదిలించుకోలేరు. ఫ్యూజు కొట్టేస్తుందిలే అనుకోవద్దు. 5 హెచ్‌పీ మోటారే ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది, ఫ్యూజు దానికి తగ్గట్టు ఉంటుంది. మనిషి గుండె లయ తప్పడానికి ఆంపియర్‌లో పదో వంతు చాలు. అంత చిన్న కరెంటుకు ఫ్యూజు కదలదు కూడా.

మిగతావి:

ఉచ్చులు. బైకు క్లచ్ వైరుతో చేసిన ముడి. చెవులపిల్లికి జానెడు ఎత్తులో, పందికి మోకాలి ఎత్తులో, కంచెలో జంతువులు దూరే సందులో కడతారు. కాలు చిక్కితే లాగొద్దు, లాగేకొద్దీ బిగుస్తుంది. నిలబడిపోయి, తీగ కట్టిన మొదలు వైపు ఒకడుగు వేసి వదులు చేసి ముడి విప్పండి.

నాటు బాంబులు. పిండి, కొవ్వు, పండు లోపల పేలుడుమందు పెట్టి గట్ల మీద, నీళ్ల దగ్గర వదులుతారు. కొరికితే, తొక్కితే పేలుతుంది. చేల అంచున ఒంటరిగా పడి ఉన్న పిండిముద్ద, దారం చుట్టిన ఉండ, ఆ చోట ఉండకూడని పండు కనబడితే కాలితో కదపొద్దు, కర్రతో పొడవొద్దు. వేసిన అడుగుల్లోనే వెనక్కి నడిచి 112కు చెప్పండి.

వలలు. పూరేళ్లకు, కౌజులకు చేల అంచున సన్నని నైలాన్ వల నిలబెట్టి, స్పీకరులో పిట్ట కూత వినిపిస్తారు. చీకట్లో ఒకేచోట నుంచి ఆగకుండా ఒకే కూత వస్తుంటే అది పిట్ట కాకపోవచ్చు, ఆ వైపు వెళ్లొద్దు. మీరు కూడా ఫోన్‌లో కూతలు వినిపించొద్దు. పిట్టకు ఇబ్బంది, ఊళ్లోవారికి మీ మీద అనుమానం.

విషం. చెరువంచున చల్లిన గింజలు, పక్కనే చచ్చిన బాతులు, కొంగలు. గుళికల మందు చర్మం నుంచి కూడా ఒంట్లోకి వెళ్తుంది. ఉత్త చేత్తో ముట్టుకోవద్దు, ఆ నీళ్లతో ముఖం కడుక్కోవద్దు.

ఉచ్చు, వల, తీగ కనబడితే ఏం చేయాలి

1. ముందు చుట్టూ చూడండి. పెట్టినవాళ్లు దగ్గర్లో ఉండొచ్చు. ఉంటే ఫొటో వద్దు, మాట వద్దు. తలూపి, వచ్చిన దారినే వెళ్లిపోండి. తుపాకీ, వేటకుక్కలున్న గుంపుతో వాదన పెట్టుకోవడం ధైర్యం కాదు.

2. ఎవరూ లేకపోతే దూరంనుంచే మూడు ఫొటోలు: చుట్టుపక్కల గుర్తులతో ఒకటి, వస్తువు మొత్తం ఒకటి, దగ్గరి వివరం జూమ్‌లో ఒకటి. ఫోన్ లొకేషన్ సేవ్ చేసుకోండి.

3. తీగైతే మొదటి ఫోన్ 1912కు, లైన్‌మన్‌కు. రెండోది బీట్ ఆఫీసర్‌కు. తీగను మీరు తెంపొద్దు. కత్తెరకు ప్లాస్టిక్ పిడి ఉన్నా సరే.

4. ఉచ్చు, వల పీకేయొద్దు. అవి సాక్ష్యం, అధికారులు పంచనామా రాయాలి.

5. వలలో బతికున్న పిట్ట ఉంటే బీట్ ఆఫీసర్‌తో ఫోన్‌లో మాట్లాడుతూ, ఆయన సరేనన్నాకే విడిపించండి. ముందు నూలుగుడ్డతో తల కప్పండి, చీకటైతే గింజుకోదు. వేళ్లను మెడకు అటూ ఇటూ పెట్టి వీపు మీదుగా పట్టుకోండి. ఛాతీ నొక్కొద్దు, ఛాతీ కదలకపోతే పిట్టకు ఊపిరాడదు. కాళ్ల దగ్గరి పోగులు మొదట కత్తిరించండి, తర్వాత రెక్కలు, చివర తల. ఎగరగలిగితే అక్కడే వదలండి. లేకపోతే డబ్బాలో గుడ్డ పరిచి పెట్టి అటవీ సిబ్బందికి అప్పగించండి. నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోయి చస్తుంది. ఇంటికి తెచ్చుకోవద్దు, మంచి మనసుతో తెచ్చినా చట్టం ముందు చిక్కే.

6. ఫొటోలు, చోటు సామాజిక మాధ్యమాల్లో పెట్టొద్దు. ఉచ్చు వేసినవాడు దాన్ని తీసేసి పక్క చేలో పెడతాడు, మీకు దారి చెప్పిన రైతు మీద ఊళ్లో అనుమానం పడుతుంది.

దసరాకు పంజరంలో పాలపిట్టను తెచ్చి దర్శనానికి డబ్బులడిగేవారు కూడా ఈ లెక్కలోకే వస్తారు. డబ్బులివ్వొద్దు, బీట్ ఆఫీసర్‌కు చెప్పండి. మన రాష్ట్ర పక్షిని రెక్కలు కట్టేసి చూడటం దర్శనం కాదు. ఆ పొద్దున ఊరి బయట కరెంటు తీగల మీద చూస్తే అది తనంతట తానే కూర్చుని ఉంటుంది.

తోటివారికి షాక్ తగిలితే

మొదటి మాట: ముట్టుకోవద్దు. పరుగెత్తి పట్టుకున్న రెండో మనిషి కూడా పోతాడు.

- గట్టిగా కేక వేసి మిగతావారిని ఉన్నచోటే ఆపండి.
- స్టార్టర్ డబ్బా కనిపిస్తుంటే, దారి పొడిగా ఉంటే వెళ్లి మెయిన్ ఆపండి. కనిపించకపోతే వెతుక్కుంటూ తిరగొద్దు.
- ఆపలేకపోతే, పొడినేల మీద నిలబడి, ఎండు వెదురు కర్రతో తీగను మనిషి మీదినుంచి తోయండి. తడిసిన కర్ర, పచ్చి కర్ర వద్దు. ఇది మోటారు కరెంటుకు మాత్రమే. స్తంభం మీది 11 కేవీ (11 వేల వోల్టుల) తీగ తెగిపడితే ఏ కర్రా కాపాడదు. పది మీటర్ల లోపలికి వెళ్లొద్దు. ఇప్పటికే లోపల ఉంటే రెండు పాదాలూ ఆనించి, నేల మీదినుంచి ఎత్తకుండా జరుపుకుంటూ బయటికి రండి.
- ఈలోగా ఒకరు 108కి, 1912కు చేయాలి.
- మనిషి తీగనుంచి విడివడ్డాక పిలిచి చూడండి. పలక్కపోతే, ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి ఛాతీ నడుమ రెండు చేతులతో ఐదారు సెంటీమీటర్లు దిగేలా నొక్కండి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నోటితో ఊపిరి ఇవ్వడం వచ్చినవారు 30 నొక్కులకు 2 ఊపిరులు ఇవ్వొచ్చు, రానివారు ఆగకుండా నొక్కుతూనే ఉండాలి. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి.
- లేచి కూర్చుని "ఏం కాలే" అన్నా ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి. గుండె లయ తర్వాత కూడా తప్పొచ్చు.

ఎక్కువమంది చేసే తప్పులు

"పొద్దున కరెంటు ఉండదు" అనుకోవడం. ఆ లెక్క పాతది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా ప్రకటించారు. తీగలో ఎప్పుడైనా కరెంటు ఉండొచ్చు. ఈ క్షణం సరఫరా లేకపోయినా మీరు దాటుతుండగా రావొచ్చు.

టెస్టరును నమ్మడం. టెస్టరుతో చూడాలంటే తీగ దగ్గరికి వంగాలి, తడిగడ్డిలో. ప్రమాదం అక్కడే మొదలైంది. తీగ కనబడితే పరీక్షించొద్దు, వెనుదిరగండి.

తీగ మీదినుంచి దూకడం. అవతల ఇంకో వరస ఉండొచ్చు.

చెట్ల రంగు దుస్తులతో, ముసుగు గుడ్డతో పొదలో దాక్కోవడం. పిట్టలు మీ రంగు కన్నా మీ కదలికకే ఎక్కువ బెదురుతాయి. కదలకుండా కూర్చుంటే నారింజ టోపీతో కూడా తీతువు దగ్గరికొస్తుంది. దాక్కున్న మనిషిని మాత్రం నాటు తుపాకీవాడు పంది అనుకుంటాడు.

రైతుకు చట్టం పాఠం చెప్పడం. రాత్రికి రాత్రి ఎకరం పల్లి తవ్విపోసిన పందుల మీద ఆయన కడుపుమంట నిజమైనది. చెప్పదలుచుకుంటే పనికొచ్చేది చెప్పండి. అడవి జంతువులు చేసిన పంట నష్టానికి పరిహారం కోసం రేంజ్ ఆఫీసులో దరఖాస్తు చేసుకోవచ్చు. నష్టం జరిగిన వెంటనే, చేను చక్కదిద్దకముందే ఫొటోలు తీసి అధికారులకు చూపించాలి. ఆ ఫొటోలు మీ కెమెరాతో తీసిపెడితే మరీ మంచిది.

సరిగ్గా చేశారో లేదో చూసుకోండి

బయల్దేరే ముందు వీటికి జవాబులు రావాలి. ముగ్గురిని అడిగామా? ఎటు పోకూడదో మాలో ప్రతి ఒక్కరూ వేలు పెట్టి చూపించగలరా? నిన్న నడిచిన దారి ఫోన్‌లో ఉందా? అక్కడ సిగ్నల్ ఉందని నిన్నే చూశామా? సిగ్నల్ లేకపోతే దగ్గర్లో ఎక్కడ వస్తుంది? ఒక్కదానికైనా "లేదు" అని వస్తే ఆ రోజుకు కట్ట మీదే ఉండండి.

ఫిర్యాదు చేశాక కూడా చూసుకోవాల్సింది ఉంది. 1912లో ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి. అటవీశాఖ వారిని పీఓఆర్ (ప్రాథమిక నేర నివేదిక) రాశారా అని రెండు మూడు రోజుల్లో మర్యాదగా అడగండి. వారం తర్వాత పగటిపూట, రోడ్డు మీదినుంచి బైనాక్యులర్‌తో ఆ చేనును చూడండి. తీగ పోయినా రబ్బరు చుట్టిన పుల్లలు ఇంకా నిలబడి ఉంటే రాత్రికి తీగ మళ్లీ వస్తుందని లెక్క. అప్పటిదాకా ఆ గట్టు మీ మ్యాప్‌లో ఎర్ర గీతగానే ఉండాలి.